ఆ చేతుల గురించి అడిగారు

మహేంద్ర సింగ్ ధోనీ అంతర్జాతీయ క్రికెట్ జీవితంపై ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో పాఠకులను కోరాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం 2011 ప్రపంచకప్ ఫైనల్లో ముంబయి వాంఖడే స్టేడియంలో కొట్టిన సిక్సర్ చుట్టూనే తిరిగాయి. అది సహజమే. అయితే ధోనీని ముందు వికెట్ కీపర్‌గా చూస్తేనే అతడి నాయకత్వమూ, బ్యాటింగూ సరిగా అర్థమవుతాయని నా గట్టి నమ్మకం. అందుకే ఆ వైపు దృష్టి పెట్టిన ప్రశ్నలకు ఇక్కడ ఎక్కువ చోటు ఇచ్చాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక ప్రశ్నగా కుదించాను.

ప్రశ్న: 2005లో విశాఖపట్నంలో పాకిస్థాన్‌పై ధోనీ 148 పరుగులు చేసిన రోజు నేను మా నాన్నగారితో కలిసి స్టేడియంలో ఉన్నాను. మా వరుసలో కూర్చున్నవాళ్లలో చాలామందికి అతడెవరో సరిగా తెలియదు. అంత కొత్త ఆటగాణ్ణి మూడో స్థానంలో ఎందుకు పంపారు? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: మీరు అదృష్టవంతులు. 2005 ఏప్రిల్ 5న జరిగిన ఆ మ్యాచ్ ఆ స్టేడియానికి మొట్టమొదటి అంతర్జాతీయ మ్యాచ్, ధోనీకి అయిదో వన్డే. అంతకుముందు ఆడిన నాలుగింటిలో అతడి స్కోర్లు 0, 12, 7 నాటౌట్, 3. మొదటి సున్నా 2004 డిసెంబర్ 23న చిట్టగాంగ్‌లో బంగ్లాదేశ్‌పై ఎదుర్కొన్న తొలి బంతికే రనౌట్ కావడం వల్ల వచ్చింది. మొత్తం 22 పరుగులు చేసిన వాణ్ణి మూడో స్థానంలో పంపాలన్న నిర్ణయం కెప్టెన్ సౌరవ్ గంగూలీది.

ఆ నిర్ణయం వెనుక ఉన్న అవసరాన్ని గుర్తు చేసుకోవాలి. నయన్ మోంగియా తర్వాత భారత జట్టుకు స్థిరమైన వికెట్ కీపర్ దొరకలేదు. మన గుంటూరు కుర్రాడు ఎమ్మెస్కే ప్రసాద్ మొదలుకొని సమీర్ దిఘే, దీప్ దాస్‌గుప్తా, అజయ్ రాత్రా, పార్థివ్ పటేల్, దినేశ్ కార్తీక్ వరకు వరుసగా ఒకరి తర్వాత ఒకరిని పరీక్షించారు. వన్డేల్లోనైతే జట్టులో ఒక బ్యాటర్ అదనంగా ఉండాలన్న ఉద్దేశంతో రాహుల్ ద్రావిడ్ చేతికే గ్లవ్స్ తొడిగారు. 2003 ప్రపంచకప్ అలాగే గడిచింది. కీపింగ్ చేస్తూనే బ్యాటర్‌గా కూడా జట్టులో చోటుకు తగినవాడు దొరికితే ద్రావిడ్‌కు ఆ బరువు తప్పుతుంది. ఏడో స్థానంలో ఆఖరి ఓవర్లలో వచ్చి నాలుగు బంతులు ఆడి వెళ్లేవాడిలో ఆ సత్తా ఉందో లేదో తేలదు. విశాఖలో అది తేలింది. 123 బంతుల్లో 15 ఫోర్లు, 4 సిక్సర్లతో ధోనీ 148 పరుగులు చేశాడు, భారత్ 356 పరుగులు చేసి 58 పరుగుల తేడాతో గెలిచింది. అదే ఏడాది అక్టోబర్ 31న జైపూర్‌లో శ్రీలంకపై చేసిన 183 నాటౌట్ వన్డేల్లో ఒక వికెట్ కీపర్ చేసిన అత్యధిక స్కోరుగా నిలిచింది.

ప్రశ్న: స్టంపింగ్‌లో ధోనీకి సాటి లేరని అందరూ అంటారు. టీవీలో రీప్లే చూసినా ఏం జరిగిందో అర్థం కాదు. మిగతా కీపర్లు చేయనిది అతడు ఏం చేసేవాడు? (ఒక డిగ్రీ విద్యార్థిని)

జవాబు: నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న ఇది. కాస్త వివరంగా చెబుతాను.

ముందు నిబంధన సంగతి. స్టంపింగ్ నుంచి తప్పించుకోవాలంటే బ్యాటర్ శరీరంలో గానీ, చేతిలోని బ్యాట్‌లో గానీ కొంత భాగం క్రీజు గీతకు లోపల నేలను తాకి ఉండాలి. పాదం గీతపై ఉంటే చాలదు, గీత దాటి లోపలికి రావాలి. స్పిన్నర్‌ను ఆడబోయి తప్పిన బ్యాటర్ వెనుక పాదం చాలాసార్లు ఒక క్షణం మాత్రమే గాలిలోకి లేచి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ క్షణంలోనే కీపర్ బంతిని అందుకోవాలి, చేతులు స్టంప్స్ దాకా రావాలి, స్టంప్స్ పైనుండే బెయిల్స్ పడాలి.

బంతిని అందుకునేటప్పుడు చేతులు దానితోపాటు కొంచెం వెనక్కి పోవాలని ఏ శిక్షకుడైనా మొదటిరోజే చెబుతాడు. అలా పోకపోతే బంతి అరచేతికి గట్టిగా తగిలి ఎగిరిపోతుంది. కానీ స్టంపింగ్‌లో చేతులు ముందు వెనక్కి పోయి, అక్కడ ఆగి, తిరిగి ముందుకు రావాలి. రెండు కదలికలు, వాటి మధ్య ఒక విరామం. ధోనీ ఈ వెనక్కి పోవడాన్ని దాదాపు పూర్తిగా తీసేశాడు. స్పిన్నర్ల బౌలింగ్‌లో అతడి చేతులు స్టంప్స్‌కు దగ్గరగా బంతి కోసం ఎదురుచూసేవి, బంతి తాకగానే అక్కడి నుంచి నేరుగా బెయిల్స్ మీదికి వెళ్లేవి. అందుకోవడం, పడగొట్టడం రెండు పనులుగా కాక ఒకే పనిగా సాగేవి. బంతి ఎందుకు జారిపోయేది కాదంటే, చేతులు వెనక్కి పోకున్నా మణికట్టు, వేళ్లు బిగుసుకుపోకుండా వదులుగా ఉండేవి. చిన్నప్పుడు రాంచీలోని పాఠశాలలో అతడు ఫుట్‌బాల్ గోల్‌కీపర్. క్రికెట్ కోచ్ కేశవ్ బెనర్జీ అతణ్ణి వికెట్ల వెనక్కి మళ్లించాడు. బంతి ఎక్కడికి వస్తుందో ముందే పసిగట్టి చేతులను అక్కడ సిద్ధంగా ఉంచే అలవాటు ఆ ఆటలోనే పడి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

2013 ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్ వీడియో దొరికితే ఇంగ్లండ్ బ్యాటర్ జొనాథన్ ట్రాట్ అవుటైన బంతిని చూడండి. అశ్విన్ వేసిన బంతి లెగ్‌సైడ్ వెళ్లింది. కీపర్‌కు అన్నిటికంటే కష్టమైనది అదే, ఎందుకంటే బ్యాటర్ శరీరం అడ్డొచ్చి బంతి చివరి దాకా కనబడదు. ధోనీ అటువైపు జరిగి దాన్ని అందుకుని, చేతులను వెనక్కి లాక్కోకుండానే స్టంప్స్ పైకి తిప్పాడు. అదే ఇన్నింగ్స్‌లో జడేజా బౌలింగ్‌లో ఇయాన్ బెల్‌నూ స్టంప్ చేశాడు. వర్షం వల్ల 20 ఓవర్లకు కుదించిన ఆ మ్యాచ్‌లో భారత్ చేసింది 129, గెలిచింది 5 పరుగుల తేడాతో. ఆ రెండు స్టంపింగ్‌ల విలువ ఎంతో ఆ లెక్కే చెబుతుంది.

పుస్తకాల్లో లేని అలవాట్లు అతడికి ఇంకా ఉన్నాయి. స్పిన్నర్ల బౌలింగ్‌లో బ్యాటర్ లేట్ కట్ (బంతిని చివరి క్షణంలో కీపర్ పక్కగా వెనక్కి మళ్లించే షాట్) ఆడబోతే కాలు చాచి ప్యాడ్‌తో బంతిని ఆపేవాడు. 2016 అక్టోబర్‌లో రాంచీలో న్యూజిలాండ్‌తో జరిగిన వన్డేలో ఫీల్డర్ విసిరిన బంతిని, స్టంప్స్ వైపు వీపు పెట్టి నిలబడి, వెనక్కి చూడకుండానే చేతులతో మళ్లించి రాస్ టేలర్‌ను రనౌట్ చేశాడు. 2025 ఐపీఎల్‌లో, 43 ఏళ్ల వయసులో, చెన్నైలో నూర్ అహ్మద్ బౌలింగ్‌లో సూర్యకుమార్ యాదవ్‌ను స్టంప్ చేసినప్పుడు కూడా చేతుల కదలిక 20 ఏళ్ల కిందటిలాగే ఉంది.

అంతర్జాతీయ క్రికెట్‌లో అతడి స్టంపింగ్‌లు టెస్టుల్లో 38, వన్డేల్లో 123, టీ20ల్లో 34, మొత్తం 195. మరే కీపర్‌కూ అన్ని లేవు. క్యాచ్‌లు కూడా కలిపితే మొత్తం 829 అవుట్లు. ఆ పట్టికలో మార్క్ బౌచర్, ఆడమ్ గిల్‌క్రిస్ట్ మాత్రమే అతడి కంటే ముందున్నారు. వేగవంతమైన బౌలర్ల విషయంలో మాత్రం అతడిపై విమర్శ ఉండేది. తనకూ, పక్కనే నిలబడే ఫీల్డర్ అయిన మొదటి స్లిప్‌కూ మధ్య వెళ్లే బంతులకు కొన్నిసార్లు కదలడని, బంతి చివరి క్షణంలో వంకర తిరిగే ఇంగ్లండ్ పిచ్‌లపై తడబడతాడని అనేవారు. అందులో నిజం ఉంది. అతడి అసలైన కళ స్పిన్నర్ల బౌలింగ్‌లోనే కనిపించేది.

ప్రశ్న: వికెట్ కీపర్ కెప్టెన్ కావడం జట్టుకు లాభమా, నష్టమా? ఒకే మనిషిపై మూడు పనుల భారం వేయడం మంచిది కాదని మా అన్నయ్య వాదిస్తున్నాడు.

జవాబు: మీ అన్నయ్య వాదనలో బలముంది. టెస్టులో ఒక రోజు పూర్తిగా 90 ఓవర్లు పడితే కీపర్ 540 సార్లు వంగి లేవాలి, ప్రతి బంతిపైనా మనసు నిలపాలి. ఆ తర్వాత బ్యాటింగ్‌కు వెళ్లాలి. శ్రీలంక మేటి ఆటగాడు కుమార సంగక్కర ఉదాహరణ తీసుకోండి. గ్లవ్స్ తొడుక్కుని ఆడిన టెస్టుల్లో అతడి సగటు సుమారు 40, గ్లవ్స్ వదిలేసి కేవలం బ్యాటర్‌గా ఆడిన టెస్టుల్లో సుమారు 66. కీపింగ్ ఒక బ్యాటర్ దగ్గర ఏం తీసుకుంటుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. ధోనీ ఆ భారాన్ని వదల్లేదు. 200 వన్డేలు, 60 టెస్టులు, 72 టీ20లు, మొత్తం 332 అంతర్జాతీయ మ్యాచ్‌లకు గ్లవ్స్ తొడుక్కునే నాయకత్వం వహించాడు.

లాభం ఎక్కడుందంటే, మైదానంలోని పదకొండు మందిలో కీపర్ ఒక్కడే బ్యాటర్ నిలబడిన వరసలో నిలబడి, బ్యాటర్‌కు కనిపించేదంతా చూస్తాడు. బంతి బౌలర్ చేతి నుంచి ఎలా వస్తోందో, పిచ్‌పై పడ్డాక ఎంత తిరుగుతోందో, బ్యాటర్ ముందడుగు వేయడానికి ఎక్కడ సందేహిస్తున్నాడో అతడికి అందరికంటే ముందు తెలుస్తుంది. బౌలర్ వైపు, మిడాఫ్‌లో నిలబడిన కెప్టెన్ ఈ సమాచారం కోసం కీపర్‌ను అడగాలి. ధోనీ ఎవరినీ అడగాల్సిన అవసరం లేదు. స్పిన్నర్లు కుల్‌దీప్, చాహల్‌లకు బంతి బంతికీ అతడు చెప్పే మాటలు స్టంప్స్ మైక్‌లో విన్నవాళ్లకు ఇది అనుభవమే.

2007 సెప్టెంబర్ 14న డర్బన్‌లో టీ20 ప్రపంచకప్‌లో భారత్, పాకిస్థాన్ స్కోర్లు సమానమయ్యాయి. విజేతను తేల్చడానికి అప్పటి నిబంధన ప్రకారం బౌలర్లు బ్యాటర్ లేని స్టంప్స్‌ను కొట్టాలి. పాకిస్థాన్ కీపర్ మామూలుగా నిలబడే చోటే పక్కకు నిలబడ్డాడు. ధోనీ సరిగ్గా స్టంప్స్ వెనుక మోకాళ్లపై కూర్చున్నాడు. బౌలర్‌కు కీపర్ ఎదురుగా కనిపిస్తే కీపర్ వైపు వేస్తే చాలు, బంతి స్టంప్స్‌కు తగులుతుంది. సెహ్వాగ్, హర్భజన్, ఉతప్ప ముగ్గురూ కొట్టారు. పాకిస్థాన్ వేసిన మూడూ తప్పాయి. కీపర్ ఎక్కడుంటే బౌలర్ కన్ను ఎక్కడికి పోతుందన్నది కీపర్‌కే తట్టే ఆలోచన. ఆ ప్రపంచకప్‌కు అతడు కొత్త కెప్టెన్ అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. పది రోజుల తర్వాత జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్ చివరి ఓవర్‌లో పాకిస్థాన్‌కు 13 పరుగులు కావాలి. హర్భజన్‌కు ఒక ఓవర్ మిగిలే ఉంది. కానీ అతడి బౌలింగ్‌లో పాకిస్థాన్ బ్యాటర్ మిస్బా అప్పటికే మూడు సిక్సర్లు కొట్టి ఉన్నాడు. బంతి జోగిందర్ శర్మ చేతికి వెళ్లింది, భారత్ 5 పరుగుల తేడాతో గెలిచింది.

ఇక 2011 ఏప్రిల్ 2, ప్రపంచకప్ ఫైనల్. అందులో ఎదుటి జట్టు శ్రీలంక కెప్టెన్ సంగక్కర కూడా కీపరే కావడం విశేషం. 275 పరుగుల లక్ష్యం. సెహ్వాగ్ సున్నాకు, సచిన్ 18కి వెనుదిరిగారు. 114 వద్ద కోహ్లీ అవుటయ్యాక రావాల్సింది ఆ టోర్నీ మొత్తం అద్భుతంగా ఆడుతున్న యువరాజ్. వచ్చింది ధోనీ. ఆ ప్రపంచకప్‌లో అప్పటిదాకా అతడి అత్యధిక స్కోరు 34 మాత్రమే. విఫలమై ఉంటే ఆ నిర్ణయం అతణ్ణి జీవితాంతం వెంటాడేది. కానీ ఆలోచనలో పొరపాటు లేదు. ఒక ఎండ్‌లో యువరాజ్‌లాగే ఎడమచేతి వాటం గంభీర్ ఉన్నాడు, బౌలింగ్‌లో స్పిన్నర్ మురళీధరన్ ఉన్నాడు. ఐపీఎల్‌లో చెన్నై జట్టులో మూడు సీజన్లు కలిసి ఆడడం వల్ల మురళీ బంతులను ధోనీ వికెట్ల వెనుక నుంచి వందలసార్లు అందుకున్నాడు. బ్యాటర్‌గా అతడు ఆడిన 79 బంతుల 91 నాటౌట్‌లో కీపర్‌గా సంపాదించిన పరిజ్ఞానం కూడా ఉందని నేను అందుకే అంటాను. గంభీర్ 97 పరుగులతో వేసిన పునాది లేకుండా ఆ విజయాన్ని ఊహించలేం. ఇది చెప్పకుండా సిక్సర్ గురించి మాట్లాడితే అన్యాయమవుతుంది.

ప్రశ్న: పొగడ్తలు చాలు. విదేశాల్లో టెస్టుల సంగతేమిటి? ఇంగ్లండ్‌లో 0-4, ఆస్ట్రేలియాలో 0-4. గొప్ప కెప్టెన్ అంటే ఇదేనా? (నెల్లూరు పాఠకుడు)

జవాబు: మీ కోపంలో న్యాయముంది. ధోనీ నాయకత్వంలో భారత్ 60 టెస్టులాడి 27 గెలిచింది, 18 ఓడింది, 15 డ్రా చేసుకుంది. వాటిలో స్వదేశంలో ఆడిన 30 టెస్టుల్లో 21 విజయాలున్నాయి. విదేశాల్లోని 30లో గెలిచినవి 6, ఓడినవి 15. 2011-12 ఆస్ట్రేలియా పర్యటనలో నాలుగో టెస్టుకు అతడిపై నిషేధం ఉండటంతో సెహ్వాగ్ నాయకత్వం వహించాడు. అయినా ఆ సిరీస్ భారం ధోనీదే. మ్యాచ్ చేజారుతున్నప్పుడు దాడి ఆపి, ఫీల్డర్లను బౌండరీల దగ్గరికి పంపి, ప్రత్యర్థి తప్పు చేసేదాకా కాచుకుని కూర్చోవడం అతడి పద్ధతి. వన్డేల్లో అది పనిచేస్తుంది, ఎందుకంటే ఓవర్లు అయిపోతాయి. అయిదు రోజుల ఆటలో ప్రత్యర్థికి తొందర ఉండదు. బ్యాటర్‌గా కూడా ఆసియా బయట అతడు ఒక్క టెస్టు సెంచరీ చేయలేదు.

మరోవైపు చూస్తే, 2009 డిసెంబర్‌లో భారత్ మొదటిసారి టెస్టు ర్యాంకింగ్స్‌లో అగ్రస్థానానికి చేరింది అతడి నాయకత్వంలోనే. దక్షిణాఫ్రికాలో 2010-11 సిరీస్‌ను 1-1తో సమం చేశాడు. 2013 ఫిబ్రవరిలో చెన్నైలో ఆస్ట్రేలియాపై ఒత్తిడి నడుమ 265 బంతుల్లో చేసిన 224 టెస్టుల్లో భారత కీపర్ చేసిన అత్యధిక స్కోరు. 2014 లార్డ్స్ టెస్టులో అలసిపోయిన ఇశాంత్ శర్మను షార్ట్ బంతులు వేయమని ఒప్పించి మ్యాచ్‌ను తిప్పాడు. కానీ ఆ సిరీస్ కూడా 1-3తో పోయింది. అదే ఏడాది డిసెంబర్ 30న మెల్‌బోర్న్ టెస్టు ముగిశాక, సిరీస్ మధ్యలోనే, టెస్టుల నుంచి తప్పుకున్నాడు. పరిమిత ఓవర్లలో అతడి స్థాయి కెప్టెన్లు చాలా అరుదు. టెస్టుల్లో అతడు మంచి కెప్టెన్. ఈ రెంటినీ కలిపి ఒకే మాటలో చెప్పబోతే తప్పు దొర్లుతుంది.

ప్రశ్న: ధోనీ ఎప్పుడైనా బౌలింగ్ చేశాడా?

జవాబు: చేశాడు. 2009 ఛాంపియన్స్ ట్రోఫీలో వెస్టిండీస్ బ్యాటర్ ట్రావిస్ డౌలిన్‌ను బౌల్డ్ చేశాడు. అంతర్జాతీయ క్రికెట్‌లో అతడికి దక్కిన వికెట్ అదొక్కటే.

ప్రశ్న: 2019 ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్‌పై అతడు నెమ్మదిగా ఆడడం వల్లే ఓడిపోయామని ఇప్పటికీ మా ఇంట్లో గొడవ. మీరేమంటారు?

జవాబు: మాంచెస్టర్‌లో లక్ష్యం 240. రోహిత్, రాహుల్, కోహ్లీ తలా ఒక్క పరుగుకే అవుటై స్కోరు 3 వికెట్లకు 5. తర్వాత 6 వికెట్లకు 92. అక్కడి నుంచి ధోనీ, జడేజా 116 పరుగులు జోడించారు. జడేజా 59 బంతుల్లో 77 చేశాడు, ధోనీ 72 బంతుల్లో 50 చేసి మార్టిన్ గప్తిల్ నేరుగా విసిరిన త్రోకు రనౌటయ్యాడు. 18 పరుగుల తేడాతో ఓడిపోయాం. చివరి రెండు మూడేళ్లలో ఇన్నింగ్స్ మధ్యలో అతడి బ్యాట్ నెమ్మదించిందన్నది నిజం. కానీ ఆ రోజు నాకు తప్పుగా తోచింది అతడి ఆట కాదు, అతణ్ణి ఏడో స్థానం దాకా ఆపడం. వికెట్లు కూలుతున్నప్పుడు ఇన్నింగ్స్‌ను నిలబెట్టడానికి అంతటి అనుభవజ్ఞుణ్ణి ముందే పంపి ఉండాల్సింది. అదే అతడి ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్ అయింది. 2020 ఆగస్టు 15న రిటైర్మెంట్ ప్రకటించాడు.

ప్రశ్న: మా అమ్మాయికి పన్నెండేళ్లు. అకాడమీలో వికెట్ కీపింగ్ నేర్చుకుంటోంది. ధోనీలాగే చేతులు వెనక్కి లాక్కోకుండా బంతి పట్టాలని పట్టుబడుతోంది. కోచ్ వద్దంటున్నాడు. ఎవరి మాట వినాలి? (ఒక తల్లి)

జవాబు: కోచ్ మాట వినండి. ధోనీ పద్ధతి ఎన్నో వేల బంతుల తర్వాత అతడి చేతులకు కుదిరిన పద్ధతి. అది మొదటి పాఠం కాదు. ఆ వయసులో చేతులు బిగించి పట్టబోతే బంతి జారడమే కాదు, వేళ్లు కూడా దెబ్బతింటాయి. మొదట బంతితోపాటు చేతులను వెనక్కి తీసుకోవడం అలవాటు కానివ్వండి. స్పిన్నర్ల బౌలింగ్‌లో త్వరగా పడగొట్టడం ఎలాగో ఆ తర్వాత కోచే నేర్పుతాడు.

అయితే ధోనీ దగ్గర ఇప్పుడే నేర్చుకోదగినవి లేకపోలేదు. బంతి పిచ్‌పై పడేదాకా కిందనే ఉండి, బంతితో పాటే లేవడం ఒకటి. తర్వాతి బంతికి ఏం జరగవచ్చో ముందే ఊహించి సిద్ధపడడం మరొకటి. 2016 మార్చి 23న బెంగళూరులో బంగ్లాదేశ్‌తో జరిగిన టీ20 ప్రపంచకప్ మ్యాచ్ చివరి బంతిని మీ అమ్మాయికి చూపించండి. బంగ్లాదేశ్‌కు ఒక పరుగు వస్తే స్కోర్లు సమానం, రెండు వస్తే గెలుపు. బ్యాటర్ బంతిని తాకలేకపోయినా పరుగుకు దూకుతాడని ధోనీకి తెలుసు. అందుకే బౌలర్ హార్దిక్ పాండ్యా బంతి వేయడానికి పరుగు మొదలుపెట్టక ముందే అతడు కుడిచేతి గ్లవ్ తీసేశాడు. గ్లవ్‌తో గురి చూసి విసరడం కష్టం. బంతి బ్యాట్‌ను దాటి చేతిలో పడ్డాక మాత్రం విసరలేదు. విసిరితే గురి తప్పవచ్చు కాబట్టి పరుగెత్తి, అవతలి నుంచి వస్తున్న ముస్తాఫిజుర్ కంటే ముందే స్టంప్స్‌ను పడగొట్టాడు. భారత్ ఒక్క పరుగుతో గెలిచింది. వీడియోను గ్లవ్ తీసే చోట ఆపి, ఆ సమయంలో మిగతా ఫీల్డర్లు ఏం చేస్తున్నారో కూడా చూడమనండి.